ఊడిరాని వైపర్ ఆర్మ్

విశాఖపట్నంలో సముద్రపు గాలి నేరుగా తగిలే వీధిలో 18 ఏళ్లుగా ఎండకూ వానకూ నిలబడిన మా కారుకు వైపర్ ఆర్మ్‌లు విప్పడం పది నిమిషాల పని అని నమ్మి, ఆదివారం ఉదయమంతా పోగొట్టుకున్నాను. పైనున్న ప్లాస్టిక్ మూత ఊడింది, 13 మి.మీ. స్పానర్‌కు నట్టు కూడా మర్యాదగానే లొంగింది. అసలు మొండితనమంతా దాని కిందే ఉంది. పైకి పోయేకొద్దీ సన్నబడే, చుట్టూ సన్నని పళ్లున్న ఉక్కు ఇరుసు మీద అల్యూమినియం ఆర్మ్‌ను బిగించారు కనుక, ఉప్పు తేమ చేరి ఆ రెండు లోహాల మధ్య తెల్లని పొడి పేరుకుని, అతుకు పెట్టినట్లు పట్టేసింది. తుప్పు వదిలించే నూనె కొట్టి గంటసేపు కాచుకున్నాను, అటూ ఇటూ ఊపాను, కదలలేదు. స్క్రూడ్రైవర్‌తో ఎత్తబోతే కింది ప్లాస్టిక్ పలక విరిగింది. అద్దం పగలనందుకు సంతోషించాలట, ఈ ఓదార్పు మా ఆవిడది. చివరికి వీధి చివరి మెకానిక్‌ను బతిమాలి తెచ్చుకున్న చిన్న పుల్లర్‌ను (పట్టేసిన భాగాన్ని పట్టి పైకి లాగే పనిముట్టు), ఇరుసు మరలు దెబ్బతినకుండా నట్టును రెండు చుట్లు అలాగే ఉంచి బిగిస్తే, టప్పుమని రెండు నిమిషాల్లో ఊడింది. ఇలాంటి పనిముట్టు కావాలని కారుతో ఇచ్చిన పుస్తకంలో ఒక్క వాక్యమైనా రాయని వారిపై నాకు ఇంకా మండుతూనే ఉంది. డ్రైవరు వైపు ఆర్మ్ మాత్రం ఇంకా అలాగే ఉంది.