విదేశీ పాత కారు: చౌక అక్కడ, ఖర్చు ఇక్కడ

జపాన్ వేలం సైట్‌లోనో, ఏదో ఎగుమతిదారు పేజీలోనో ఐదేళ్లు వాడిన కారొకటి కంటబడుతుంది. ఒంటి మీద గీత లేదు, సీట్లు కొత్తవాటిలా ఉన్నాయి, ధర చూస్తే సొంత దేశంలో అదే మోడల్‌కు చెప్పేదాంట్లో సగం. ఓడ ఖర్చు కలుపుకున్నా లాభమే కదా అనిపిస్తుంది. అందులో వింతేమీ లేదు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2020లో విడుదల చేసిన నివేదిక ప్రకారం 2015 నుంచి 2018 మధ్య కోటీ 40 లక్షల వాడిన కార్లు, చిన్న వాహనాలు దేశాలు దాటాయి. సుమారు 40 శాతం ఆఫ్రికాకే వెళ్లాయి. పంపినవాటిలో ముందున్నవి యూరప్, జపాన్, అమెరికా.

అంటే ఇది నలుగురి సరదా కాదు, పెద్ద వ్యాపారం. గిట్టుబాటవుతోంది కాబట్టే ఇన్నేళ్లుగా సాగుతోంది. కానీ నెలకు వంద కార్లు దించే వ్యాపారికి గిట్టేది, జీవితంలో ఒక్కసారి ఒక్క కారు తెప్పించుకునే మనిషికి గిట్టాలని లేదు. ఒక బండిలో నష్టం వస్తే వ్యాపారిని మిగతా తొంభై తొమ్మిది ఆదుకుంటాయి. ఒక్కటే కొన్నవాడికి ఆదుకునేదేదీ లేదు. రెండు దేశాల ధరల మధ్య కనిపించే తేడాలో ఎక్కువ భాగం ప్రభుత్వాలకు పోతుంది. మిగిలే కాస్తా లాభంలా కనిపించినా, నిజానికి అది రిస్కు మోసినందుకు వచ్చే కూలి.

అసలు అక్కడ ఎందుకంత చౌక? జపాన్‌నే చూద్దాం. అక్కడ కొత్త కారుకు మూడేళ్లకు, ఆ తర్వాత రెండేళ్లకోసారి ‘షాకెన్’ అనే తప్పనిసరి తనిఖీ ఉంటుంది. ఫీజులు, పన్నులు, మరమ్మతులు అన్నీ కలిసి ఒక్కసారే మీద పడతాయి. పెట్రోలు కారు 13 ఏళ్లు దాటితే ఏటా కట్టే వాహన పన్ను కూడా సుమారు 15 శాతం పెరుగుతుంది. దాంతో తనిఖీ గడువు దగ్గర పడగానే, బండి బాగానే ఉన్నా, చాలామంది వదిలించుకుంటారు. యూరప్ నగరాల్లో పాత డీజిల్ కార్ల మీద ఆంక్షలు పెరిగేకొద్దీ వాటికీ అదే గతి. కారు పాడై కాదు, అక్కడ ఉంచుకోవడం ఖర్చవుతుంది కాబట్టి ధర పడిపోతోంది. ఇంటి దగ్గర ధర ఎక్కువగా ఉండటానికీ చాలావరకు చట్టమే కారణం. ఆ తేడాను ఓడతో పూడ్చుదామని బయల్దేరినవాడికి రేవులో మొదట ఎదురయ్యేది ప్రభుత్వమే.

అందుకే మొదట చూడాల్సింది కారు ఫొటోలు కాదు, సొంత దేశంలో దానికి రిజిస్ట్రేషన్ దొరుకుతుందా అన్నది. భారత్ తయారై మూడేళ్లు దాటిన కారును రానివ్వదు, స్టీరింగ్ కూడా కుడివైపే ఉండాలి. కెన్యా ఎనిమిదేళ్ల దాకా ఒప్పుకుంటుంది, అక్కడా కుడి స్టీరింగే. అమెరికాది తిరగేసిన లెక్క. 25 ఏళ్లు నిండని కారు అక్కడి భద్రతా ప్రమాణాలకు సరిపోవాల్సిందే, నిండితే ఆ షరతు ఉండదు. 1988 నాటి చట్టంతో మొదలైన ఈ నియమం వల్లే, 1999లో వచ్చిన నిస్సాన్ స్కైలైన్ ఆర్34 జీటీఆర్ కోసం అభిమానులు 2024 దాకా కాచుకున్నారు. కెనడాలో ఆ గడువు 15 ఏళ్లే.

వయసును బట్టి గీసే ఈ గీతలు మొరటువని నా అభిప్రాయం. పదేళ్లు జాగ్రత్తగా వాడిన బండిని ఆపేస్తాయి, వరదలో మునిగి లేచిన రెండేళ్ల బండిని లోపలికి రానిస్తాయి. అయినా కస్టమ్స్ ఆఫీసర్ అడిగేది మన అభిప్రాయం కాదు, తేదీ. ఉదాహరణకు కెన్యా 2025 జనవరి 1 నుంచి ఆ ఏడాదికి 2018లోనో, ఆ తర్వాతో తొలిసారి రిజిస్టరైన కార్లకే అనుమతి ఇచ్చింది. 2017 బండి 2024 డిసెంబరు 31లోగా రేవు చేరితే సరే సరి. తుపాను వచ్చో, మధ్యలో మరో రేవులో ఆలస్యమయ్యో ఓడ జనవరిలో వచ్చి ఉంటే, అదే కారు, అదే డబ్బు, కానీ దేశంలోకి ప్రవేశం లేదు.

పైగా నియమాలు చెప్పాపెట్టకుండా మారిపోతాయి. శ్రీలంక 2020లో విదేశీ మారకద్రవ్యం కాపాడుకోవడానికి వాహనాల దిగుమతి ఆపేసింది. సొంత కార్లకు మళ్లీ తలుపు తెరిచింది 2025లో. రష్యాకు 1,900 సీసీ దాటిన కార్లను, హైబ్రిడ్‌లను, ఎలక్ట్రిక్ కార్లను పంపకూడదని 2023 ఆగస్టులో జపానే నిషేధించింది. అంతకుముందు 2008 చివర్లో రష్యా పాత విదేశీ కార్ల మీద సుంకం పెంచుతుందంటే ఆ దేశపు తూర్పు తీరంలోని రేవు పట్టణం వ్లాదివొస్తోక్‌లో జనం రోడ్డెక్కారు. ఆ ఊళ్లో ఎన్నో కుటుంబాలు జపాన్ కార్ల వ్యాపారం మీదే బతికేవి మరి.

ఇక సుంకం సంగతి. అర్థం కావడానికి కారు ధర వంద అనుకుందాం. ఓడ ఖర్చు, ఇన్సూరెన్స్ కలిపి ఇరవై. కస్టమ్స్ సుంకం 25 శాతం అయితే అది వంద మీద కాదు, 120 మీద పడుతుంది, అంటే ముప్పై. ఇప్పుడు 150 అయింది. వ్యాట్ 20 శాతం ఈ 150 మీద లెక్క కడతారు, మరో ముప్పై. మొత్తం 180. ఓడ ఖర్చు మీద సుంకం, సుంకం మీద పన్ను. శాతాలు దేశాన్ని బట్టి మారతాయి కానీ ఈ మెట్ల వరస చాలా చోట్ల ఇంతే. రేవు ఛార్జీలు, క్లియరింగ్ ఏజెంట్ ఫీజు, తనిఖీ, రిజిస్ట్రేషన్ ఇంకా లెక్కలోకి రాలేదు.

కొన్ని దేశాలు మీరు కట్టిన ధరను అసలు పట్టించుకోవు. ఆ మోడల్ కొత్త బండి ధరను తమ పట్టికలో చూసి, వయసును బట్టి తరుగుదల తీసేసి, మిగిలిన దాని మీద సుంకం వేస్తాయి. అలాంటి చోట మీరు ఎంత గట్టిగా బేరమాడినా సుంకం పైసా తగ్గదు. బిల్లులో ధర తగ్గించి రాసిస్తామనే అమ్మకందారులు కూడా ఉంటారు. అది తప్పుడు ప్రకటన కిందికి వస్తుంది, దొరికితే జరిమానా, ఒక్కోసారి జప్తు. ఎవరూ చెప్పని ఇంకో సంగతి ఏమిటంటే, సరుకు ఇన్సూరెన్స్ సాధారణంగా బిల్లు విలువకు అటూఇటూగానే ఉంటుంది. కారు సముద్రం పాలైతే చేతికొచ్చేది ఆ తగ్గించి రాసిన సొమ్మే.

కారు నాణ్యత విషయంలో జపాన్ వేలం షీటు, అంటే వేలానికి ముందు కారును తనిఖీ చేసి రాసే కాగితం, మంచి సాధనం, చదవడం వస్తే. ఒక పక్క గ్రేడు ఉంటుంది. 4.5 అంటే చాలా బాగున్నట్టు, 3.5 అంటే వాడకం కనిపిస్తున్నట్టు, ఆర్ అంటే ప్రమాదం తర్వాత బాగు చేసినట్టు. గ్రేడు కన్నా ఎక్కువ చెప్పేది కింద ఉండే కారు బొమ్మ. దాని మీద ఇన్‌స్పెక్టర్ చేత్తో అక్షరాలు, అంకెలు రాస్తాడు. ఏ అంటే గీత, యూ అంటే సొట్ట, డబ్ల్యూ అంటే రిపేరు చేసిన రేకు మీద కనిపించే అల, ఎస్ అంటే తుప్పు, సీ అంటే తుప్పు తినేసిన లోహం, రెండు ఎక్స్‌లు అంటే ఆ భాగమే మార్చారని. పక్కనుండే అంకె పెరిగేకొద్దీ దెబ్బ పెద్దది. డోరు మీద ఏ1 ఉంటే వదిలేయొచ్చు. ఎస్, సీ కనిపిస్తే కారు అడుగుభాగం ఫొటోలు అడగకుండా ముందుకు వెళ్లకూడదు. మంచు కురిసే ప్రాంతాల్లో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, దాంతో పైన తళతళలాడే కారు కింద తుప్పు పొరలు పొరలుగా లేస్తుంది. షీటును ఫొటో ఎడిటింగ్‌తో మార్చి పంపేవాళ్లూ తక్కువేమీ కాదు. ఛాసిస్ నంబర్‌తో అసలు షీటు తీసిచ్చే సర్వీసులున్నాయి, ఆ చిన్న ఖర్చుకు వెనకాడితే అంతకన్నా పిసినారితనం లేదు.

మీటర్ వెనక్కి తిప్పడం మాత్రం అన్ని దేశాల జబ్బు. సరిహద్దు దాటగానే కారు పాత చరిత్ర అక్కడే ఉండిపోతుంది. 2018లో యూరోపియన్ పార్లమెంటు ముందుకొచ్చిన అంచనాల్లో, దేశం లోపలి అమ్మకాల్లో 5 నుంచి 12 శాతం కార్లకు మీటర్ తిప్పి ఉంటే, సరిహద్దు దాటి అమ్మేవాటిలో అది 30 నుంచి 50 శాతం. అమెరికాలో పెద్ద తుపానుల తర్వాత మునిగిన కార్లకు టైటిల్ (యాజమాన్య పత్రం) మీద ‘సాల్వేజ్’, అంటే బాగా దెబ్బతిన్న బండి అనే ముద్ర పడుతుంది. ఆ ముద్ర చదివే వ్యవస్థ లేని దేశానికి వచ్చాక అది మామూలు పాత కారే. కొనేవాడు వీఐఎన్ అనే బండి గుర్తింపు నంబర్‌తో అమెరికా రికార్డులు తీయించకపోతే, సీట్ల కింద బురద వాసన ఏ రెండో వర్షాకాలంలోనో బయటపడుతుంది.

ఓడ దగ్గరికి వస్తే, అందరూ అడిగేది రోరోనా, కంటెయినరా అని. రోరో అంటే కారును నడిపించి ఓడలోకి ఎక్కిస్తారు, సాధారణంగా చౌక. కంటెయినర్‌లో చేతులు తక్కువ తగులుతాయి, ఖర్చు ఎక్కువ. ఈ చర్చతోనే కాలం గడిపేస్తారు కానీ అసలు చూడాల్సింది ఒప్పందంలోని మూడు అక్షరాలు. సీఐఎఫ్ ధర అంటే ఓడ ఛార్జీ, ఇన్సూరెన్స్ అమ్మేవాడే కడతాడు. దాంతో రేవు చేరేదాకా బాధ్యత కూడా వాడిదే అనుకుంటారు. కాదు. ఎఫ్ఓబీ (ఓడ ఛార్జీ కొన్నవాడే కట్టుకునే ఒప్పందం) అయినా, సీఐఎఫ్ అయినా కారు ఓడెక్కగానే రిస్కు కొన్నవాడి నెత్తినే. సీఐఎఫ్‌లో అమ్మేవాడు తీసుకోవాల్సిన ఇన్సూరెన్స్ కూడా కనీస స్థాయిదే. ఓడ మునిగితే, కాలిపోతే డబ్బు వస్తుంది. దారిలో ఎవరైనా స్టీరియో పీక్కుపోతే రాదు.

ఓడలు మునుగుతాయా అని తేలిగ్గా తీసుకోవద్దు. 2022లో ఫెలిసిటీ ఏస్ ఓడ సుమారు నాలుగు వేల కార్లతో తగలబడి అజోర్స్ దీవుల దగ్గర మునిగింది. 2025 జూన్‌లో మార్నింగ్ మిడాస్ సుమారు మూడు వేల వాహనాలతో అలాస్కాకు దూరంగా అదే దారి పట్టింది. మునగకపోయినా ముప్పు ఉంది. 2021 మార్చిలో సూయజ్ కాలువలో ఇరుక్కున్న ఎవర్ గివెన్ యజమాని ‘జనరల్ యావరేజ్’ ప్రకటించాడు. అంటే ఓడను కాపాడిన ఖర్చును అందులో సరుకున్న ప్రతి ఒక్కరూ పంచుకోవాలి, హామీ ఇస్తే గానీ సరుకు వదలరు. మీ తప్పేమీ ఉండదు, మీ కారుకు దెబ్బా తగలదు, బిల్లు మాత్రం వస్తుంది. ఇన్సూరెన్స్ ఉంటే కంపెనీ చూసుకుంటుంది. లేకపోతే మీరే.

రేవు చేరాక పరుగంతా కాగితాల వెనకే. ఒరిజినల్ బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడెక్కించినట్టు ఓడ కంపెనీ ఇచ్చే పత్రం) కొరియర్‌లో ఇరుక్కుంటే కారు కళ్లెదుటే ఉన్నా ఇవ్వరు, ఉచిత గడువు దాటాక రోజు రోజుకీ నిల్వ ఛార్జీ ఎక్కుతుంది. పురుగు కూడా అడ్డం పడొచ్చు. 2018 ఫిబ్రవరిలో కంపుకొట్టే ఒక రకం నల్లి జాతి పురుగులు కనిపించాయని జపాన్ నుంచి కార్లు తెచ్చిన ఓడలనే న్యూజిలాండ్ వెనక్కి పంపింది.

ఇంటికొచ్చిన కారుతో బతకడం ఇంకో అధ్యాయం. జపాన్ ఎఫ్ఎం 76 దగ్గర మొదలై 95 మెగాహెర్ట్జ్‌కే ఆగిపోతుంది, మిగతా దేశాల స్టేషన్లు చాలావరకు ఆ పైనే ఉంటాయి. దీనికైతే నవ్వుకుని వదిలేయొచ్చు. జపాన్‌లో అమ్మిన కారుకు అక్షరాలు, అంకెలు కలిపి 17 ఉండే వీఐఎన్ ఉండదు, పొట్టి ఫ్రేమ్ నంబర్ ఉంటుంది. ఇన్సూరెన్స్ కంపెనీ కంప్యూటర్ ఆ పదిహేడూ కావాలని మొండికేస్తే ఫోన్ల మీద ఫోన్లు చేయాల్సిందే. ఎలక్ట్రిక్ కారైతే ఛార్జింగ్ ప్లగ్ ముందే చూసుకోవాలి. జపాన్‌లో అమ్మిన నిస్సాన్ లీఫ్‌కు ఉండే చాడెమో రకం సాకెట్‌కు ఫాస్ట్ ఛార్జర్లు చాలా దేశాల్లో అరుదు.

ఇంత చెప్పాక అసలు కొనొద్దంటారా అంటే, కొందరికి కొనడమే మేలు. విదేశంలో ఉండి, అక్కడ వాడిన కారునే వెంట తెచ్చుకునేవాళ్లకు చాలా దేశాలు సుంకంలో మినహాయింపు ఇస్తాయి. యూరోపియన్ యూనియన్‌కు మారేవాళ్లు కనీసం 12 నెలలు బయట నివసించి, కారును ఆరు నెలలు వాడి ఉంటే సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు, 12 నెలల దాకా అమ్మకూడదు. ఆ కారు చరిత్ర వాళ్లకు తెలుసు, మీటర్ తిప్పారేమో అన్న టెన్షన్ లేదు. రెండో రకం, సొంత దేశంలో ఎన్నడూ అమ్మని మోడల్ మీద మోజు పడ్డవాళ్లు. వాళ్లు డబ్బు ఆదా కోసం చేయట్లేదు, ఆ కారు కోసం చేస్తున్నారు, కాబట్టి పైన లెక్క కట్టిన 180 కాస్తా 200 అయినా నిద్రపడుతుంది.

డబ్బు మిగులుతుందని మాత్రమే చూసేవాళ్లు, ఇప్పటికే దిగుమతై, సుంకం కట్టి, రిజిస్ట్రేషన్ పూర్తయిన బండినే వెతుక్కుంటే నయం. వ్యాపారి వేసుకునే మార్జిన్ చూసి కడుపు మండుతుంది, నిజమే. కానీ పైన చెప్పిన రిస్కులన్నీ మోసి దించిన తర్వాతి ధర అది. పైగా ఆ కారును నడిపి చూడొచ్చు, మెకానిక్‌ను వెంట తీసుకెళ్లి కిందికి దూరి చూడమనొచ్చు, నచ్చకపోతే తాళాలు తిరిగిచ్చి వచ్చేయొచ్చు.