సవరణ: కరోకే స్పీకర్‌ని టీవీకి కలిపే వైరు గురించి

మైకులతో వచ్చే కరోకే స్పీకర్‌ని టీవీ వెనక ‘ఏవీ ఇన్’ అని ఉన్న ఎరుపు, తెలుపు సాకెట్లకు కలపమని మొన్న రాశాను. అది తప్పు, క్షమించండి. ‘ఇన్’ అంటే బయటి సౌండ్ టీవీలోకి వెళ్లే దారి, మనకు కావాల్సింది యూట్యూబ్ పాట టీవీలోంచి స్పీకర్‌కి రావడం. కాబట్టి టీవీ హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి స్పీకర్ మీద బయటి సౌండ్ తీసుకునే ‘ఆక్స్ ఇన్’ సాకెట్‌కి 3.5 ఎంఎం వైరు వేయండి. టీవీకి ఆప్టికల్ (డిజిటల్ సౌండ్‌ని కాంతి రూపంలో పంపే సాకెట్) ఒక్కటే ఉంటే మధ్యలో దాన్ని స్పీకర్ తీసుకునే మామూలు సిగ్నల్‌గా మార్చే డిజిటల్ టు అనలాగ్ కన్వర్టర్ పెట్టి, టీవీ సౌండ్ సెట్టింగ్‌లో పీసీఎం (కుదించని మామూలు డిజిటల్ సౌండ్) ఎంచుకోవాలి, లేకపోతే చాలాసార్లు సౌండే రాదు. బ్లూటూత్‌తోనూ పాట వస్తుంది కానీ కాస్త ఆలస్యంగా వినిపించి తెరమీది అక్షరాలతో కలవకపోవచ్చు, పాడేవాళ్లకి అదే పెద్ద ఇబ్బంది, అందుకే నేను వైరే మేలంటాను. సీడీ వేసే పాత మెషీన్లకు మాత్రం బొమ్మ పంపే పసుపు వైరు టీవీ ‘ఏవీ ఇన్’కే వెళ్లాలి, అక్కడ అక్షరాలు మెషీన్ నుంచే వస్తాయి కదా.