విమానాశ్రయం ఆలస్యమైంది కాలనీల కేసుల వల్లనా?

మొన్నటి నుంచి మా అపార్ట్‌మెంట్ గ్రూపులో, ఆఫీసు గ్రూపులో, చివరికి చుట్టాల గ్రూపులో కూడా ఒకటే మెసేజ్ తిరుగుతోంది. దాని సారాంశం ఇదీ: విశాఖకి ఎప్పుడో పెద్ద విమానాశ్రయం వచ్చేసేదట, చుట్టుపక్కల జనం కోర్టులకెక్కడం వల్లే ఇన్నేళ్లు పట్టిందట. విమానాశ్రయం ఉందని తెలిసీ పక్కన ఇల్లు కొనుక్కుని, తర్వాత శబ్దం అంటూ గోల చేస్తారట. లండన్ అయినా గోవా అయినా ఇదే తంతు, వాళ్లకి కావల్సింది డబ్బులేనట. కాబట్టి ఇలాంటి కేసుల్ని కోర్టులు అసలు తీసుకోకూడదట. చదివినవాళ్లలో చాలామంది చప్పట్ల బొమ్మ పెట్టి ఇంకో నలుగురికి పంపేశారు. నాకు మాత్రం కడుపు మండింది, ఎందుకంటే ఇందులో ఒక్కో ముక్కా విడదీసి చూస్తే నిలబడేది దాదాపు ఏమీ లేదు.

ముందు మన విశాఖ సంగతి. ఎన్ఏడీ దాటి షీలానగర్ వైపు వెళ్తుంటే కనిపించే ఆ రన్‌వే ఎవరిది? నేవీది. అది ఐఎన్ఎస్ డేగా, నౌకాదళ వైమానిక స్థావరం. మనం ఎక్కే ఇండిగో, ఎయిరిండియా విమానాలు ఆ స్థావరంలో ఒక పక్కన కట్టిన టెర్మినల్ నుంచి, నేవీ ఇచ్చిన వేళల్లో ఎగురుతాయి. 10,000 అడుగుల రన్‌వే 2007లో వచ్చింది, ఇప్పుడున్న టెర్మినల్ 2009లో వచ్చింది. ఆ రెండిటినీ ఏ కాలనీ కేసూ ఆపలేదు. 2022 చివర్లో రన్‌వే మళ్లీ వేయడానికి కొన్ని నెలల పాటు రాత్రి విమానాలు ఆపేస్తే ఊరంతా ఇబ్బంది పడింది గుర్తుందా, ఆ నిర్ణయం కూడా మర్రిపాలెం వాళ్లో గోపాలపట్నం వాళ్లో తీసుకున్నది కాదు. అక్కడ ఒకవైపు హైవే, ఒకవైపు మేఘాద్రిగెడ్డ జలాశయం, తూర్పున పోర్టు, కాస్త దూరంలో కొండలు, వీటన్నిటి మధ్య రక్షణ శాఖ భూమి. విస్తరణకి అడ్డం ఇవి. ఈ మాటని ఏ పార్టీ ప్రభుత్వమూ కాదనగా నేను వినలేదు, అందుకే కదా విజయనగరం జిల్లా భోగాపురంలో కొత్త విమానాశ్రయం ఆలోచన వచ్చింది.

సరే, భోగాపురం. అక్కడ కేసులు పడ్డమాట నిజమే. రైతులు హైకోర్టుకి వెళ్లారు. కానీ వాళ్లు ఎందుకు వెళ్లారో ఆ మెసేజ్ రాసినాయన ఒక్క ముక్క కూడా చెప్పలేదు. 2015లో మొదట అనుకున్న భూమి దాదాపు 15,000 ఎకరాలు. పదిహేను వేలు! జీడి తోటలు, కొబ్బరి తోటలు, ఊళ్లకి ఊళ్లే అందులో పోతాయి. జనం రోడ్డెక్కారు, అది తగ్గుతూ తగ్గుతూ 2,700 ఎకరాలకి వచ్చింది, తర్వాతి ప్రభుత్వం ఇంకో 500 ఎకరాలు తీసేసింది, చివరికి విమానాశ్రయానికి తీసుకున్నది దాదాపు 2,200 ఎకరాలు. అంటే మొదట అడిగిన భూమిలో దాదాపు ఏడో వంతే సరిపోయింది. ఆ రోజు రైతులందరూ నోరు మూసుకుని సంతకాలు పెట్టేసి ఉంటే మిగతా వేల ఎకరాలు ఏమయ్యేవో మీరే ఆలోచించండి.

ఆలస్యం గురించి కూడా చూద్దాం. 2019 ఫిబ్రవరిలో ఒక ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు, 2023 మేలో ఇంకో ముఖ్యమంత్రి మళ్లీ శంకుస్థాపన చేశారు. ఈ మధ్యలో ప్రభుత్వం మారింది, టెండర్ల మీద పునరాలోచన జరిగింది, విమానాశ్రయం కట్టే జీఎంఆర్ సంస్థతో ఒప్పందం 2020 జూన్‌లో కుదిరింది, అప్పటికి కరోనా. కేసుల వల్ల కొంత కాలం పోలేదని నేను అనను, పోయింది. కానీ ఒకే విమానాశ్రయానికి రెండు శంకుస్థాపనలు జరిగిన చోట ఆలస్యం మొత్తం తెచ్చి రైతు నెత్తిన రుద్దడం అన్యాయం.

తర్వాతి మాట, 'తెలిసే కొన్నారు కదా'. వినడానికి చాలా సబబుగా ఉంటుంది. మా ఇంట్లో కూడా పెద్దవాళ్లు ఇదే అన్నారు. మేముండేది విమానాలు దిగే దారికి దగ్గర్లోనే. ఫోన్లో మాట్లాడుతూ 'ఒక్క నిమిషం ఆగండి, విమానం వెళ్తోంది' అనడం మాకు అలవాటైపోయింది, హెలికాప్టర్ కిందుగా వెళ్తే కిటికీ అద్దాలు గిలగిలా కొట్టుకుంటాయి, దానికి మేమేమీ కేసు వెయ్యలేదు, ఎందుకంటే నిజంగానే తెలిసే వచ్చాం. కానీ విస్తరణ కేసుల్లో గొడవ ఉన్న విమానాశ్రయం గురించి కాదు, కొత్తగా రాబోయే దాని గురించి. ఢిల్లీలో మూడో రన్‌వే 2008లో వచ్చింది. దాని పక్కనున్న వసంత్ కుంజ్ కాలనీలో దానికి చాలా ఏళ్ల ముందు ఫ్లాట్ కొన్నవాడికి తన మంచం మీదుగా విమానం దిగుతుందని ఎలా తెలుస్తుంది? వాళ్లు కోర్టుకీ, తర్వాత పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కీ వెళ్లారు. మన దేశంలో విమానాశ్రయాల చుట్టూ ఎంత శబ్దం ఉండొచ్చో కేంద్ర పర్యావరణ శాఖ ప్రత్యేకంగా పరిమితులు పెట్టింది 2018లో మాత్రమే: రద్దీ విమానాశ్రయాలకి పగలు 70 డెసిబెల్స్, రాత్రి 65, మిగతావాటికి 65, 60. అప్పటిదాకా జనం పోరాడకుండా ఊరుకుని ఉంటే ఈ అంకెలైనా కాగితం మీదికి వచ్చేవని నాకు నమ్మకం లేదు.

అమెరికాలోని ఫీనిక్స్‌లో అయితే రన్‌వే కూడా కట్టలేదు. 2014 సెప్టెంబరులో విమానాలు వెళ్లే దారి మార్చారు, అంతే. ఉన్నట్టుండి పాత కాలనీల నెత్తి మీద విమానాలు. ఆ కాలనీల సంఘాలూ నగరపాలక సంస్థా కలిసి కేసు వేస్తే 2017 ఆగస్టులో వాషింగ్టన్ అప్పీల్ కోర్టు, జనాన్ని సరిగా సంప్రదించలేదని చెప్పి ఆ దారుల్ని కొట్టేసింది. నగరం కూడా పిటిషనరే, గమనించండి. తెలిసే కొన్నారన్న వాదన ఇక్కడ ఎవరికి వర్తిస్తుంది?

ఇక అసలు పెద్ద మాట, కేసులు విమానాశ్రయాల్ని ఆపేస్తాయన్నది. మెసేజ్‌లో ఉదాహరణకి పెట్టినవే తీసుకుందాం. లండన్ హీత్రూ మూడో రన్‌వే: 2020 ఫిబ్రవరిలో అప్పీల్ కోర్టులో పర్యావరణ సంఘాలు గెలిచాయి, అదే ఏడాది డిసెంబరు 16న సుప్రీంకోర్టు దాన్ని తిప్పేసింది. అంటే విమానాశ్రయమే గెలిచింది. మరి గెలిచిన వెంటనే రన్‌వే కట్టారా? లేదు. కరోనాలో ప్రయాణికులు పడిపోయారు, డబ్బు లెక్కలు కుదరలేదు, ఏళ్లు గడిచాక 2025 జనవరిలో అక్కడి ప్రభుత్వం మళ్లీ దాన్ని భుజాన వేసుకుంది. కోర్టు అడ్డం తొలగిన తర్వాత గడిచిన ఆ కాలం ఎవరి ఖాతాలో రాయాలి?

గోవాలోని మోపా విమానాశ్రయం: 2019 మార్చి 29న మన సుప్రీంకోర్టు పర్యావరణ అనుమతిని నిలిపేసింది, దరఖాస్తులో చుట్టూ ఉన్న అడవుల, చెట్ల వివరాలు సరిగా చెప్పలేదని. మళ్లీ పరిశీలించమంది. 2020 జనవరి 16న అదనపు షరతులు పెట్టి, వాటిని అమలు చేస్తున్నారో లేదో చూడమని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థకి అప్పగించి, పచ్చజెండా ఊపింది. మధ్యలో పట్టిన కాలం పది నెలలు కూడా కాదు. 2022 డిసెంబరులో ప్రధాని దాన్ని ప్రారంభించారు. అక్కడ ఇప్పుడు దిగుతున్నవాళ్లలో ఈ మెసేజ్ పంపినవాళ్లు కూడా ఉండే ఉంటారు.

జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ కొత్త రన్‌వే 2011 అక్టోబరులో తెరుచుకుంది, కేసు వేసినవాళ్లకి దక్కింది రాత్రి 11 నుంచి తెల్లవారుజాము 5 వరకు నిద్ర. 2012 ఏప్రిల్‌లో అక్కడి అత్యున్నత పరిపాలనా కోర్టు ఆ వేళల్లో విమానాల మీద నిషేధాన్ని ఖాయం చేసింది. జపాన్‌లో ఒసాకా ఇతామి విమానాశ్రయం చుట్టుపక్కల వాళ్లు రాత్రి విమానాలు ఆపమని అడిగితే 1981లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు, జరిగిన నష్టానికి పరిహారం మాత్రం ఇమ్మంది. అయినా ఈ రోజుకీ అక్కడ విమానాలు ఉదయం 7 నుంచి రాత్రి 9 వరకే. రెండూ నడుస్తున్నాయి, రద్దీగానే నడుస్తున్నాయి.

మంగళూరు గురించి రాయాలంటే చెయ్యి ఆడదు. కొత్త రన్‌వే భద్రంగా ఉండదని స్థానికులు 1997 నుంచి కోర్టుల్లో చెప్పారు, 2003లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి ఓడిపోయారు. 2010 మే 22న అదే రన్‌వే చివర ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ విమానం లోయలో పడి 158 మంది చనిపోయారు. విచారణలో ప్రధాన కారణం పైలట్ తప్పిదమని తేలింది, కాబట్టి ఆ కేసు గెలిచుంటే ప్రమాదం జరిగేది కాదని నేను చెప్పడం లేదు. కానీ రన్‌వే అవతల స్థలం చాలదని మొత్తుకున్నవాళ్లని 'అభివృద్ధికి అడ్డు' అని తిట్టేముందు ఆ రోజు ఒక్కసారి తలుచుకోవాలి.

డబ్బు కోసమే అన్న మాటకి వద్దాం. ఈ విషయంలో ఎక్కువగా చెప్పుకునే పాత తీర్పుల్లో ఒకటి అమెరికా సుప్రీంకోర్టుది, 1946 నాటిది. నార్త్ కరోలినాలో కాస్బీ అనే దంపతులకి చిన్న కోళ్ల ఫారం ఉండేది. పక్కనున్న ఎయిర్‌పోర్టుని యుద్ధం రోజుల్లో సైన్యం వాడుకుంది, మనలాగే సైనిక విమానాలన్నమాట. అవి వచ్చే దారి వాళ్ల ఇంటికి 67 అడుగుల పైన. ఆ హోరుకి కోళ్లు బెదిరి ఎగిరి గోడలకి కొట్టుకుని చచ్చేవి, ఒక్కో రోజు ఆరు నుంచి పది, మొత్తం 150 దాకా. ఫారం మూసేశారు, రాత్రిళ్లు నిద్ర లేదు. కోర్టు ఏమందంటే, ఇంత కిందుగా, ఇన్నిసార్లు ఎగరడం అంటే ఆ భూమిని ప్రభుత్వం తీసుకున్నట్టే, పరిహారం ఇవ్వాల్సిందే అని. వాళ్లు అడిగింది డబ్బే. అడగకూడదా? బతుకుదెరువు పోయినవాడు ఇంకేం అడుగుతాడు? మన 2013 భూసేకరణ చట్టం కూడా లెక్కగట్టిన పరిహారం మీద నూరు శాతం సొలేషియం, అంటే ఇష్టం లేకుండా భూమి పోయినందుకు అదనపు సొమ్ము, ఇమ్మని రాసింది. చట్టం ఇచ్చినదాన్ని అడగడం ఆశ ఎలా అవుతుంది?

చివరి ముక్క, ఇలాంటి కేసులు తీసుకోకూడదన్నది. నాకు అన్నిటికన్నా భయం వేసింది దీనికే, ఎందుకంటే ఇది చదివి నిజంగా నష్టపోయేవాడు కూడా సిగ్గుపడి వెనక్కి తగ్గుతాడు. గడువులు మన కోసం ఆగవు. కొత్త విమానాశ్రయానికి పర్యావరణ అనుమతి కావాలంటే కేంద్ర పర్యావరణ శాఖ 2006 నోటిఫికేషన్ ప్రకారం కాలుష్య నియంత్రణ మండలి ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాలి, కనీసం 30 రోజుల ముందు ఒక తెలుగు పేపర్లో కూడా ప్రకటన రావాలి, పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశం తెలుగులో కలెక్టరేట్‌లో చూడ్డానికి పెట్టాలి. భూమి తీసుకుంటామని ప్రాథమిక నోటిఫికేషన్ వస్తే అభ్యంతరం రాసివ్వడానికి 60 రోజులు. పర్యావరణ అనుమతి వచ్చాక హరిత ట్రిబ్యునల్‌లో అప్పీలుకి 30 రోజులు, సరైన కారణం చూపిస్తే ఇంకో 60, ఆ తర్వాత ఎంత మొత్తుకున్నా తీసుకోరు. మెసేజ్ పంపేవాళ్లు పంపుకోండి. మీ వీధిలో ఎవరికైనా అలాంటి నోటీసు వచ్చి ఉంటే మాత్రం, ముందు దాని మీదున్న తేదీ చూడమని చెప్పండి.