కుదరదంటే పొగరా?

ఒడిశాలోని పర్లాకిమిడిలో నాకో బట్టల కొట్టుంది. బేరం లేదు, అరువు లేదు అని తెలుగులోనూ ఒడియాలోనూ బోర్డు పెట్టాను. రెండు భాషలూ వచ్చినవాళ్లే దాన్ని పట్టించుకోరు!

"పాతపట్నంలో ఇదే చీర వంద తక్కువ బావా" అంటారు. పాతపట్నం పక్కనే, రాష్ట్రం మాత్రం వేరు, ఆంధ్రా. 2017లో జీఎస్టీ వచ్చాక పన్ను రెండు చోట్లా ఒకటే. అంత తక్కువైతే అక్కడే కొనుక్కోవచ్చు కదా? కొనరు. అక్కడ అరువు పుట్టదు మరి.

కుదరదన్నామా, "మీ నాన్నగారైతే ఇచ్చేవారు" అని మొదలెడతారు. ఇచ్చారు. ఆ పద్దు పుస్తకాలు ఇప్పటికీ అటక మీదే ఉన్నాయి, పైసా వసూలు కాలేదు. పెళ్లిళ్ల సీజన్లో ఇంకా టెన్షన్. సగం డబ్బు చేతిలో పెట్టి, మిగతాది కోతలయ్యాక అంటారు. ఏ ఏడాది కోతలో చెప్పరు!

ఒకరికి తగ్గిస్తే సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది. అందుకే తగ్గించను. దానికి నాకు పొగరట. సూరత్ నుంచి సరుకు పంపే ఆయనకి నేను ఒక్క రోజు ఆలస్యంగా కట్టినా ఫోన్ల మీద ఫోన్లు. ఆయన్ని మాత్రం "గట్టి వ్యాపారి" అని మెచ్చుకుంటారు.