పెద్దమనిషి 4294967297 గారికి

గౌరవనీయులైన 429 కోట్ల 49 లక్షల 67 వేల 297 గారికి,

ప్రధాన సంఖ్యల సరసన పీట వేయించుకుని మీరు తొంభై ఏళ్లకు పైగా దర్జా వెలగబెట్టారు. మీ అన్నలు అయిదుగురూ (3, 5, 17, 257, 65537) నిఖార్సయినవాళ్లే. 2 నెత్తిన ఘాతాన్ని 1, 2, 4, 8, 16 అని రెట్టింపు చేస్తూ 1 కలిపితే పుట్టినవాళ్లు. మీది 32వ ఘాతం. అన్నలు మంచివాళ్లయితే తమ్ముడూ అంతేనని 1640లో ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా నమ్మాడు. వంశం చూసి పిల్లనివ్వడమంటే ఇదే.

1732లో స్విస్ గణితజ్ఞుడు ఆయిలర్ తీగ లాగాడు. 641 × 6700417. డొంకంతా కదిలింది.

పోనీ, దాక్కున్న చోటైనా లోతా? 2 నుంచి ప్రధాన సంఖ్యలన్నిటితో వరసగా భాగించుకుంటూ పోయినా 116వ భాగహారంలో దొరికిపోతారు. మీ ప్రధాన కారణాంకం ఏదైనా 64 గుణిజం కంటే 1 ఎక్కువ ఉండి తీరాలని తెలిసినవాడికి అంత శ్రమా లేదు: 193, 257, 449, 577, ఆ వెంటనే 641. అందులో 257 మీ అన్నే. మీ ఇద్దరికీ ఉమ్మడి కారణాంకం ఉండదు కనక ఆయన్నీ వదిలేయొచ్చు.

అసలు మీ నటన చూడాలి! ఫెర్మా పరీక్షను (2కు మీకంటే 1 తక్కువ ఘాతం వేసి మీతో భాగించాలి; ప్రధాన సంఖ్యయితే శేషం 1 రావాలి) 2తో పెడితే శేషం 1 చూపించి దర్జాగా పాసవుతారు. అవక ఏం చేస్తారు? 2ను అయిదుసార్లు వర్గం చేస్తే మీకంటే ఒక్కటి తక్కువ, అంటే శేషం −1. ఇంకోసారి చేస్తే 1. ఆపైన ఎన్నిసార్లు చేసినా ఒకటే. ప్రశ్నపత్రం మీ ఇంట్లోనే అచ్చయింది! అంతకంటే గట్టిదైన మిల్లర్-రాబిన్ పరీక్షయినా 2తో పెడితే ఇదే తంతు. అందుకే 3తో పెట్టాలి. 3ను వర్గం చేయడం, మీతో భాగించి శేషం ఉంచుకోవడం, ఇలా 31 సార్లు. నిజంగా ప్రధాన సంఖ్యయితే చివరికి 4294967296 మిగలాలి. మీకు మిగిలింది 10324303. పాపం, ఫెర్మా పరీక్షకు మూలమైన సిద్ధాంతం ఆయన అదే 1640లో చెప్పిందే. కత్తి ఆయన మొలలోనే ఉంది.

మీకు రెండిళ్ల కిందున్న 4294967295ను చూసి నేర్చుకోండి. ప్రధాన సంఖ్యనని ఏనాడూ చెప్పుకోలేదు. మీ అన్నలు అయిదుగుర్నీ గుణిస్తే వచ్చేది ఆయనే. అన్ని భుజాల క్రమ బహుభుజిని స్కేలు, వృత్తలేఖినితో సూత్రప్రాయంగా గీయొచ్చు (కాగితం సంగతి అడక్కండి). మీ పేరున మాత్రం గీయలేం. కంప్యూటర్‌లోని 32 బిట్ల (0, 1 అంకెలు పట్టే 32 గళ్ల) పెట్టెలో ఆయన నిండుగా సరిపోతారు. మిమ్మల్ని కుక్కితే పై బిట్టు ఊడి 1 మిగులుతుంది. అందుకే 641ని 6700417తో గుణించి సరిచూసేవాళ్లు 64 బిట్లు వాడాలి. లేకపోతే జవాబు 1 అని వచ్చి, ఆయిలర్‌నే తప్పుపట్టే ప్రమాదముంది. మీ పరువు ఆ ఒక్క పొరపాటు మీదే ఆధారపడి ఉంది.

భవదీయుడు,
శేషం సున్నా