14 రోజుల సెన్సార్ మన చేలో ఎన్నాళ్లు ఉండాలి?

ఉద్దానంలో మా పెద్దమ్మ చేతికి షుగర్ సెన్సార్ అతికించారు. రూపాయి బిళ్లకంటే కాస్త పెద్దది. 14 రోజులు పనిచేసింది. ఆ తర్వాత ఊడదీసి కొబ్బరిచెట్ల కింద గత్తం కుప్పలో పడేసింది. తొలకరికి ఆ గత్తమే చేనుకు వెళ్తుంది. అందులో బ్యాటరీ, చిప్, ప్లాస్టిక్ ఉన్నాయని ఆమెకెవరూ చెప్పలేదు. చెప్పినా, దాన్ని తీసుకునేవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు.

పాత ఫోనైతే పాత సామాన్లవాళ్లు కొంటారు. ఒంటికి అతికించే ప్యాచ్‌కు పైసా రాదు. 2022లో ప్రపంచమంతా పోగైన 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థాల్లో పద్ధతిగా రీసైకిల్ అయినవి 22.3 శాతమే. ఇంత చిన్న వస్తువుల విషయంలో నాకు రీసైక్లింగ్ మీద ఆశ లేదు. పని అయ్యాక అవే కరిగిపోవాలి.

అది సాధ్యమే. 2012లో అమెరికాలో శాస్త్రవేత్త జాన్ రోజర్స్ బృందం పట్టు ప్రోటీన్ పొర మీద మెగ్నీషియం, సిలికాన్‌లతో నీళ్లలో కరిగే సర్క్యూట్ చేసి చూపించింది. కిటుకంతా పలుచదనంలోనే ఉంది. మామూలు చిప్‌లోని మందపాటి సిలికాన్ కరగడం మన జీవితకాలంలో చూడలేం. అదే నానోమీటర్ల మందం పొరైతే, ఒంటి వేడికీ తడికీ కొద్దికొద్దిగా కరిగి, నీళ్లలో కలిసిపోయే సిలిసిక్ ఆమ్లంగా మారుతుంది. ఎన్నాళ్లు నిలవాలన్నది పైపూతతో సర్దుకోవచ్చు.

కానీ 'బయోడీగ్రేడబుల్' అన్న ముద్ర చూసి నమ్మేయకూడదు. మొక్కజొన్న పిండి నుంచి చేసే పీఎల్ఏ ప్లాస్టిక్ దాదాపు 60 డిగ్రీల వేడి ఉండే కంపోస్టు యూనిట్‌లో నెలల్లో పోతుంది. మన చేను అంత వేడెక్కదు, అక్కడ ఏళ్లు పడుతుంది. కాగితం మీద వెండి సిరాతో సర్క్యూట్ ముద్రించి పర్యావరణహితం అంటే కూడా నేను ఒప్పుకోను. కాగితం కుళ్లిపోతుంది, వెండి నేలలోనే ఉండిపోతుంది. ఏ నేలలో, ఎంత వేడిలో, ఎన్ని రోజులకు పోతుందో, బ్యాటరీతో సహా, పెట్టె మీద రాయాలి.

ముడిసరుకు మన దగ్గరే ఉంది. సర్క్యూట్ అడుగున పట్టు పొరకు బదులు వేసే పలుచని ఫిల్ములను గోగునారలో ఉండే సెల్యులోజ్‌తో చేయొచ్చు, రొయ్య పెంకుల నుంచి తీసే కైటోసాన్‌తోనూ చేయొచ్చు. విజయనగరంలో జూట్ మిల్లులు మూతపడి గోగు రైతు సాగు మానుకుంటున్న కాలంలో ఇది చిన్న విషయం కాదు. గోగు మీద ఏళ్లుగా పనిచేస్తున్న ఆమదాలవలస పరిశోధన కేంద్రం, నైర వ్యవసాయ కళాశాల కలిసి ఒక పని చేయొచ్చు. ఇలాంటి ఫిల్ములనూ, మార్కెట్లో దొరికే ప్యాచ్‌లనూ ఉద్దానం ఇసుక నేలలో, వంశధార ఒండ్రులో పాతిపెట్టి, ఒక వానాకాలం గడిచాక తవ్వి ఏం మిగిలిందో చూడాలి.