సిలికాన్ గారికి ఒక రంగులవాడి మొర

మహారాజశ్రీ సిలికాన్ గారి దివ్య సముఖానికి,

మీకు రంగులేసి పొట్ట పోసుకునేవాడు రాసుకునే మొర. మీరు క్షేమమే అని తెలుసు. క్షేమంగా లేనిది నేనే.

గడ్డి కోసే మిషన్లోనో, ప్రెస్సులో కటింగ్ దగ్గరో వేలు పోగొట్టుకున్నవాళ్లు మా దగ్గరికొస్తారు. రెండో చేతిని చూసి మైనంతో వేలు చేసి, అచ్చు తీసి, అందులో రబ్బరులా గట్టిపడే మిమ్మల్ని పోస్తాం. పోత వరకు మీరు బంగారం. కణుపు మీద ముడతలు, వేలిముద్ర గీతలు అన్నీ దింపేస్తారు. గొడవంతా రంగు దగ్గరే.

కొత్తలో మీ మీద అక్రిలిక్ వేశాను. ఆరింది, మెరిసింది, మురిసిపోయాను. వేలు ఒక్కసారి వంచగానే పాము కుబుసంలా ఊడి చేతికొచ్చింది. తర్వాత తెలిసింది, మీకు సిలికాన్ తప్ప ఇంకేదీ అంటదట. రంగుని మీ ద్రవంలోనే కలిపి, సాల్వెంట్‌తో పల్చన చేసి తెస్తేనే గడప తొక్కనిస్తారు. మా ఊరి పెళ్లిళ్ల పేరయ్య గుర్తొచ్చాడు. పిల్లాడి చదువు, ఉద్యోగం తర్వాత, ముందు ‘మనోళ్లేనా?’ అనేవాడు.

పైగా మీలో మీకే శాఖలు: టిన్నుతో గట్టిపడేవారు, ప్లాటినంతో గట్టిపడేవారు. టిన్ను వారిని కలిపిన పుల్ల తగిలినా, లాటెక్స్ గ్లౌజుతో ముట్టుకున్నా ప్లాటినం వారు మైలపడిపోతారు. గట్టిపడకుండా జిగటజిగటగా అలిగి కూర్చుంటారు. ఇంత మడి మా అమ్మమ్మ కూడా కట్టలేదండీ. మరి దుమ్ము, దూది, నా తలవెంట్రుక వస్తే మాత్రం ఎదురెళ్లి అతికించుకుంటారెందుకు?

రంగు సీసా మీద ‘ఫ్లెష్’ అని రాసుంటుంది. మూత తీస్తే దొరగారి బుగ్గలు. మా దగ్గరికొచ్చేవాళ్లేమో చామనచాయ, నలుపు. అందుకని ఆ సీసా పక్కనపెట్టి పసుపు, ఎరుపు, నీలం చుక్కచుక్కగా కలుపుకుంటాను. కణుపుల మీద ముదురు, అరచేతి వైపు తేట, గోటి కింద గులాబీ. ఆఖర్న పాత టూత్‌బ్రష్‌ని రంగులో ముంచి బొటనవేలితో మీటితే సన్నటి తుంపర పడుతుంది. బొమ్మవేలు మనిషివేలయ్యేది ఆ తుంపరతోనే.

మొన్న ఒక పెద్దాయనకి వేలు తొడిగాను. ట్యూబ్‌లైట్ కింద ఏది అసలుదో నేనే తడుముకున్నాను. ఆ ఆనందంలో ఇద్దరం టీకి బయటికెళ్లాం. ఎండలో గ్లాసు పట్టుకున్న చేతికి నాలుగు వేళ్లు చామనచాయ, అయిదోది కామెర్లొచ్చినట్టు పచ్చగా ఉంది! ఒక వెలుగులో కలిసిపోయిన రెండు రంగులు ఇంకో వెలుగులో విడిపోవడాన్ని మెటామెరిజం అంటారు. నిజానికి తప్పు నా రంగులది, ట్యూబ్‌లైటుది. కానీ ఉత్తరం మీకు రాస్తున్నాను కాబట్టి మీరే పడండి.

పెద్దాయన గ్లాసు కింద పెట్టి, ‘పర్లేదు బాబూ, ఎండలో చెయ్యి జేబులో పెట్టుకుంటాలే’ అన్నాడు. కూతురి పెళ్లి పగటి ముహూర్తం. కన్యాదానం జేబులోంచి చెయ్యలేడు కదా!

మనోళ్లే అని ఒకసారి ఒప్పుకున్న రంగుని మీరు చచ్చినా వదలరు. అందుకే కొత్త వేలు పోశాను. కలిపితేనే గట్టిపడే మీ రెండు భాగాలూ, ఏ 10 గ్రాములు, బీ 10 గ్రాములు తూచి, ఈసారి రంగు కిటికీ దగ్గర పగటివెలుగులో కలిపాను. రేపు పదింటికి పెద్దాయన వస్తాడు. ఇద్దరం ఎండలోనే చూస్తాం. ఈ ఒక్కసారికి కాస్త ఒంటికి పట్టించుకోండి.

ఇట్లు,
పది వేళ్లకీ మీరు అంటుకున్న
మీ రంగులవాడు